ల్యాప్‌టాప్ కాలుతోందా? ముందు గాలికి దారి చూడండి



వేసవి సెలవులకు ముందు జరిగే పేరెంట్స్ మీటింగ్‌లో కంప్యూటర్ ల్యాబ్ దగ్గరికి వచ్చేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది మార్కుల గురించి కాదు. "సార్, మావాడి ల్యాప్‌టాప్ పెనంలా కాలిపోతోంది. ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది. అంత డబ్బు పోసి కొన్నాం, పాడైపోయినట్టేనా?" అని. ఆ వెంటనే పక్కన నిలబడ్డ పిల్లవాడి వైపు ఒక చూపు. "ఎంత చెప్పినా వినడు సార్, ఎప్పుడూ గేమ్‌లే."

కోడింగ్ కోసమనో, వీడియో ఎడిటింగ్ కోసమనో, అన్నయ్య ఇంజినీరింగ్ కోసమనో కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. వచ్చే నెలన్నర రోజులు అవి రోజూ పనిచేస్తాయి, అదీ మన ఎండల్లో. అందుకే ఈ నెల పాఠం దాని గురించే. ఆ వేడి ఎక్కడిది, ఎంతవరకు మామూలు, ఇంట్లో పైసా ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు, ఏ గుర్తు కనబడితే వెంటనే ఆపేయాలి అన్నవి వరుసగా చూద్దాం. చదివేటప్పుడు మీ బాబునో పాపనో పక్కన కూర్చోబెట్టుకోండి. అలా ఎందుకు అంటున్నానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఇంత వేడి ఎక్కడిది?

ముందుగా ఛార్జర్‌ను తిరగేసి దాని మీద సన్నగా అచ్చువేసిన అక్షరాలు చూడండి. "అవుట్‌పుట్" అన్నచోట రెండు అంకెలు ఉంటాయి. ఒకటి వోల్టులు, రెండోది ఆంపియర్లు. ఆ రెండింటినీ గుణించమని పిల్లల్ని అడగండి. ఉదాహరణకు 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అని ఉంటే 230 వాట్లు. ఆఫీసు పనికి వాడే మామూలు ల్యాప్‌టాప్ ఛార్జర్ సాధారణంగా 45 లేదా 65 వాట్లే ఉంటుంది.

ల్యాప్‌టాప్ తీసుకునే కరెంటులో బ్యాటరీలో నిలవయ్యేది పోగా, మిగతాదంతా చివరికి వేడిగానే మారుతుంది. మన చిన్నప్పటి 100 వాట్ల బల్బు గుర్తుందా? వెలుగుతుండగా వేలు తగిలితే చుర్రుమనేది. గట్టిగా ఆడే గేమ్ నడుస్తున్నప్పుడు అలాంటి బల్బులు ఒకటిన్నర, రెండింటికి సరిపడా వేడి, పలక మందం ఉన్న పెట్టెలో పుడుతుంది. ఎక్కువ భాగం రెండు చిప్‌ల నుంచే వస్తుంది. లెక్కలు చేసే ప్రాసెసర్ ఒకటి, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ ఒకటి.

కాబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ వేడెక్కడం జబ్బు కాదు, దాని స్వభావం. ఆ వేడి బయటికి పోతోందా, లోపలే చిక్కుకుంటోందా అన్నదే మనం చూసుకోవాల్సింది.

వేడి బయటికి పోయే దారి

ఏడో తరగతి సైన్సులో చెప్పే ఉష్ణవహనం, ఉష్ణ సంవహనం రెండూ ఈ పెట్టెలో పనిచేస్తుంటాయి. చిప్ మీద పలచగా ఒక పేస్టు పూసి, దానికి ఆనుకుని రాగి పలక బిగిస్తారు. వేడి చిప్ నుంచి పేస్టులోకి, పేస్టు నుంచి రాగిలోకి పాకుతుంది. ఇది వహనం.

రాగి పలక నుంచి చదునైన రాగి గొట్టాలు వెళ్తాయి. చాలామంది అవి ఉత్త గొట్టాలనుకుంటారు. వాటి లోపల గాలి తీసేసి, కొద్దిపాటి నీరు ఉంచి మూసేస్తారు. చిప్ వైపు నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లగా ఉన్న రెండో కొసకు చేరి, వేడిని అక్కడ వదిలేసి మళ్లీ నీరై వెనక్కి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు మూత తీస్తే లోపలివైపు నీటి చుక్కలు కనబడతాయి కదా, అదే సంగతి. పిల్లలకు వంటింట్లోనే చూపించవచ్చు.

గొట్టాల రెండో కొసన దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా సన్నటి లోహపు రేకులు ఉంటాయి. ఫ్యాన్లు ల్యాప్‌టాప్ అడుగు నుంచి గాలి లాక్కుని ఈ రేకుల మధ్య నుంచి వెనక్కో పక్కకో తోసేస్తాయి. ఆ గాలితోపాటు వేడి కూడా వెళ్లిపోతుంది. ఇది సంవహనం.

అడుగున గాలి లోపలికి వెళ్లకపోయినా, రేకుల మధ్య దుమ్ము అట్టకట్టినా, పేస్టు ఎండిపోయినా ఎక్కడో ఒకచోట దారి మూసుకుపోయినట్టే. ఇంట్లో మనం చేయగలిగిందంతా ఆ దారి తెరిచి ఉంచడమే.

ఎంత వేడి మామూలు?

చేత్తో తాకి చెప్పడం కష్టం. అంకె చూడాలి. విండోస్ 11లో, విండోస్ 10 తర్వాతి వెర్షన్లలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో జీపీయూ అన్నచోట గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రత కనబడుతుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత అక్కడ కనబడదు. దానికి ల్యాప్‌టాప్‌తో కంపెనీ ఇచ్చిన యాప్‌లో చూడండి.

గేమ్ ఆడుతున్నప్పుడు ఈ చిప్‌లు 70, 80 డిగ్రీల్లో ఉండటం మామూలే. ప్రాసెసర్ అప్పుడప్పుడు 90 దాటి కిందికి రావడం కూడా సాధారణమే. ఇలాంటి ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ హద్దు 95 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ హద్దు దగ్గరకు రాగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటిదాకా సాఫీగా నడిచిన గేమ్ ఉన్నట్టుండి తడబడటానికి చాలాసార్లు కారణం ఇదే. అప్పటికీ వేడి తగ్గకపోతే ల్యాప్‌టాప్ ఠక్కున ఆగిపోతుంది. అది చిప్‌ను కాపాడుకునే ఏర్పాటు. కానీ రోజూ అలా ఆగిపోతుంటే మాత్రం పట్టించుకోవాల్సిందే.

మన ఎండల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "ఆపరేటింగ్ టెంపరేచర్" కింద చాలా కంపెనీలు 35 డిగ్రీల వరకే అని రాస్తాయి. మీ ల్యాప్‌టాప్‌కు ఎంతో మాన్యువల్‌లో చూడండి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం బయట ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పై అంతస్తు ఇళ్లలోనైతే సాయంత్రం దాటినా స్లాబ్ సెగ కొడుతూనే ఉంటుంది. ఫ్యాన్ లోపలికి లాక్కునేది ఆ గది గాలినే. గది 10 డిగ్రీలు పెరిగితే లోపలి చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ల్యాప్‌టాప్ మేలో అరవడానికి ఇదొక కారణం. పిల్లలు ఏదో చేసి చెడగొట్టారని అనుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

పైసా ఖర్చు లేకుండా చేయదగ్గవి

మొదటిది, పరుపు మీద నుంచి దించండి. ల్యాప్‌టాప్ అడుగున రబ్బరు కాళ్లు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తే ఉంటాయి. పరుపు మీదో బొంత మీదో పెడితే అవి దిగబడి గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. దిండు, సోఫా, ఒడి కూడా అంతే. గట్టి బల్లే దానికి సరైన చోటు. బల్ల మీద కూడా వెనకవైపు గోడకు ఆనించకుండా జానెడు దూరం వదలండి.

రెండోది, వెనకవైపు ఒక అంగుళం లేపండి. రెండు మూలల కింద చెరొక చిన్న పుస్తకం చాలు. గాలి రంధ్రాలకు అడ్డం రాకుండా చూసుకోండి.

మూడోది, వేళ మార్చండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి వరకు బరువైన గేమ్‌లు వద్దు. పొద్దున్నో, ఏసీ వేసిన గదిలోనో ఆడుకోనివ్వండి.

నాలుగోది, ఫ్రేమ్‌లకు హద్దు పెట్టండి. చాలామందికి తెలియనిది, బాగా పనిచేసేది ఇదే. గేమ్‌లో కదిలే బొమ్మ నిజానికి వరసగా గీసే నిశ్చల చిత్రాలే. ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్. హద్దు పెట్టకపోతే గ్రాఫిక్స్ చిప్ సెకనుకు వీలైనన్ని గీస్తూనే ఉంటుంది. కొన్ని గేమ్‌లలో మెనూ తెర మీద ఊరికే ఉన్నప్పుడు కూడా సెకనుకు వందలకొద్దీ గీస్తుంది. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ లిమిట్ అన్నచోట 60 పెట్టమని పిల్లలతో చెప్పండి. పోటీల్లో ఆడేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, వాళ్లకు వేగం ముఖ్యం. కథ నడిచే గేమ్‌లకు, కట్టడాల గేమ్‌లకు 60 సరిపోతుంది.

ఐదోది, పవర్ మోడ్. కంపెనీ యాప్‌లో టర్బో, పెర్ఫార్మెన్స్, బ్యాలెన్స్‌డ్, సైలెంట్ లాంటి పేర్లతో ఉంటుంది. హోంవర్కుకు, వీడియో పాఠాలకు టర్బో అక్కర్లేదు. బ్యాలెన్స్‌డ్‌లో ఉంచండి.

ఆరోది, గేమ్ ఆడకపోయినా వేడెక్కుతుంటే అనుమానించండి. అన్నీ మూసేసి పది నిమిషాలు వదిలేయండి. ఫ్యాన్ అప్పటికీ రొద పెడుతుంటే టాస్క్ మేనేజర్‌లో ఏ ప్రోగ్రామ్ ఎక్కువ వాడుకుంటోందో చూడండి. విండోస్ అప్‌డేట్ అయితే కాసేపటికి సద్దుమణుగుతుంది. పేరు తెలియనిదేదో రోజూ కనబడుతుంటే, ఉచితంగా దొరికిందని ఎక్కడినుంచో క్రాక్ చేసిన గేమ్ దించుకున్నారేమో నెమ్మదిగా అడగండి. అలాంటి వాటిలో కొన్నింటి వెంట, మన కరెంటుతో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే దొంగ ప్రోగ్రామ్‌లు వస్తాయి. ఆ గేమ్ తీసేసి, యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయించండి.

ఏడోది, దుమ్ము. ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, చల్లారాక గాలి రంధ్రాలను మెత్తని పొడి బ్రష్‌తో తుడవండి. డబ్బాలో వచ్చే ఒత్తిడి గాలి ఉంటే డబ్బాను నిలువుగా పట్టుకుని చిన్నచిన్న ఊపుల్లో కొట్టండి. ఒకేసారి గట్టిగా కొడితే ఫ్యాన్ అతివేగంగా తిరిగి దెబ్బతినవచ్చు. నోటితో ఊదొద్దు, తేమ వెళ్తుంది.

దయచేసి ఇవి చేయొద్దు

వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐసు ప్యాకు ఆనించొద్దు. చల్లటి లోహం మీద గాలిలోని తేమ నీరై లోపలి బోర్డును పాడు చేస్తుంది. నీళ్ల కూలర్‌కు ఎదురుగా కూడా పెట్టొద్దు, అది పంపేది తడిగాలి. వాక్యూమ్ క్లీనర్‌తో లాగొద్దు, స్టాటిక్ కరెంటుతో ప్రమాదం.

మూత వేసి స్లీప్‌లో ఉన్నదాన్ని స్కూల్ బ్యాగులో పెట్టొద్దు. లోపల అది మేలుకుంటే వేడి పోయే దారే ఉండదు. షట్‌డౌన్ చేశాకే బ్యాగులోకి వెళ్లాలి.

ఒడిలో పెట్టుకుని గంటలకొద్దీ ఆడనివ్వొద్దు. 2010లో "పీడియాట్రిక్స్" అనే వైద్య పత్రికలో స్విట్జర్లాండ్ డాక్టర్లు ఒక 12 ఏళ్ల అబ్బాయి గురించి రాశారు. నెలల తరబడి రోజూ తొడల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని గేమ్‌లు ఆడటంతో అతని ఎడమ తొడ మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు వచ్చాయి. బొబ్బ తేల్చేంత వేడి కాకపోయినా, రోజూ అదేచోట తగులుతుంటే చర్మం రంగు మారుతుంది. చలికాలంలో కుంపటి దగ్గరే కూర్చునేవాళ్ల కాళ్ల మీద వచ్చే మచ్చలు కూడా ఇవే.

డబ్బు ఎప్పుడు పెట్టాలి?

పైవన్నీ చేశాక ఇంకా సమస్య ఉంటేనే. కూలింగ్ ప్యాడ్ కొనే ముందు పుస్తకాలు పెట్టి లేపి చూడండి. దానితోనే తగ్గితే ప్యాడ్ అవసరం లేదు. కొన్నా కొద్ది డిగ్రీల తేడాకు మించి ఆశించకండి.

రెండు, మూడేళ్లు దాటిన ల్యాప్‌టాప్ కొన్నప్పటికంటే బాగా ఎక్కువ వేడెక్కుతుంటే లోపల దుమ్ము తీయించి, పేస్టు మార్పించాలి. వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. యూట్యూబ్ చూసి ఇంట్లో విప్పే ప్రయత్నం పిల్లలతో చేయించకండి. కొన్ని మోడళ్లలో పేస్టుకు బదులు లిక్విడ్ మెటల్ వాడతారు. దానిలోంచి కరెంటు పారుతుంది. ఒక్క చుక్క పక్కకు జారినా బోర్డు కాలిపోవచ్చు.

వెంటనే ఆపేయాల్సిన గుర్తు

ఇప్పుడు మా ఇంటి సంగతి.

పోయిన ఏడాది మే నెలలో మావాడి ల్యాప్‌టాప్‌లో ఏదో ఫైలు కోసం కూర్చున్నాను. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదు. పక్కనుంచి చూస్తే, చేతులు ఆనించే భాగం మధ్యలో ఉబ్బి, అంచున వేలిగోరు పట్టేంత సందు కనబడింది. లోపల బ్యాటరీ ఉబ్బింది. వాణ్ని పిలిచి అడిగితే తల దించుకుని చెప్పాడు. మూడు వారాల కిందటే చూశాడట. రోజూ రాత్రి మూత వేసి, పైన లావుపాటి డిక్షనరీ పెట్టి పడుకునేవాడట, చదునవుతుందని.

లిథియం బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుంది. పాడవుతున్నప్పుడు లోపల వాయువులు పుట్టి ఉబ్బుతుంది. దాన్ని నొక్కినా, గుచ్చినా, ఇంకా ఛార్జ్ పెడుతున్నా అంటుకునే ప్రమాదం ఉంది. మా అబ్బాయి దాని మీద డిక్షనరీ బరువు పెట్టి, పక్కనే పడుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

"నాకెందుకు చెప్పలేదురా?" అన్నాను. "గేమ్‌లాడి పాడు చేశావంటారని" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఫ్యాన్ మోగిన ప్రతిసారీ నేనన్న మాట అదే. నలుగురి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే నేను, మా ఇంట్లో ఒక్కసారి కూడా దాని అడుగు తిప్పి చూడలేదు. పరుపు మీద ఆడొద్దని తిట్టాను తప్ప, బల్ల ఖాళీ చేసి ఇవ్వలేదు.

మీ ఇంట్లో టచ్‌ప్యాడ్ పైకి లేచినా, నొక్కుడు పడకపోయినా, మూత సరిగా మూసుకోకపోయినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా, తియ్యటి రసాయనపు వాసన వచ్చినా ఇలా చేయండి. షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. మళ్లీ ఆన్ చేయొద్దు, ఛార్జ్ పెట్టొద్దు. నొక్కొద్దు. పరుపులకు, కర్టెన్లకు, కాగితాలకు దూరంగా గచ్చు మీద ఉంచి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. పొగ వస్తే ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకుండా అందరూ బయటికి వచ్చి 101కు ఫోన్ చేయండి. తీసేసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయొద్దు, సర్వీస్ సెంటర్‌కే అప్పగించండి. పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తయారీదారుల మీదే పెట్టాయి.

బ్యాటరీ బాగున్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోండి. ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించి వాడే ల్యాప్‌టాప్ అయితే, కంపెనీ యాప్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉందేమో చూసి పెట్టండి. నిండా ఛార్జ్, దాని పైన వేడి, రెండూ కలిస్తే బ్యాటరీకి మరింత చేటు.

సెలవుల్లో ఒక ప్రయోగం

ఇది మీకూ పిల్లలకూ కలిపి ఇస్తున్న ఇంటిపని. ఒక నోట్‌బుక్, పెన్ను చాలు. ఒకే గేమ్‌ను, ఒకే గదిలో, పావుగంట చొప్పున మూడుసార్లు ఆడాలి. మధ్యలో అరగంట విరామం ఇవ్వాలి. మొదటిసారి బల్ల మీద మామూలుగా. రెండోసారి వెనకవైపు లేపి. మూడోసారి లేపే ఉంచి, ఫ్రేమ్‌లకు 60 హద్దు పెట్టి. ప్రతిసారీ చివరి నిమిషంలో గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రత, గేమ్ చూపించే ఫ్రేమ్‌ల సంఖ్య, గది వేడి రాయాలి. తర్వాత గ్రాఫు గీయాలి.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలన్నది ఇందులో అసలు పాఠం. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో చెప్పలేం. ఇంకో చిన్న చిక్కు కూడా ఎదురుకావచ్చు. వెనకవైపు లేపినా కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఉష్ణోగ్రత అంతే ఉండి, ఫ్రేమ్‌లు పెరుగుతాయి. అప్పటిదాకా వేడికి వేగం తగ్గించుకున్న చిప్, దారి దొరకగానే మళ్లీ వేగం పుంజుకుందన్నమాట. ఆ కారణం పిల్లల్నే ఆలోచించనివ్వండి, వెంటనే చెప్పేయకండి. మా ఇంట్లో కొత్త బ్యాటరీ వేయించాక చేసిన ప్రయోగంలో 86, 82, 71 డిగ్రీలు వచ్చాయి. మీ అంకెలు వేరుగా ఉంటాయి. సెలవుల తర్వాత ఆ పేజీని ల్యాబ్‌కు పంపండి, అన్నీ కలిపి గోడ మీద పెడదాం.

రోజుకు ఎంతసేపు ఆడాలన్నది వేరే సంగతి. దాని హద్దు మీ ఇంట్లో మీరే పెట్టుకోవాలి, పెట్టాలి కూడా. కానీ ఆ మాటనూ ఈ మాటనూ కలపకండి. ఈసారి ఫ్యాన్ గట్టిగా మోగినప్పుడు "ఎంతసేపటి నుంచి ఆడుతున్నావ్?" అనే ముందు "ఎంత వేడెక్కింది, చూద్దాం పద" అనండి. రేపు ఏదైనా తేడా కనబడినప్పుడు డిక్షనరీ వెతుక్కోకుండా మీ దగ్గరికి వస్తారు.

సెలవులు చల్లగా గడవాలని కోరుకుంటూ,

మీ కంప్యూటర్ ల్యాబ్ ఉపాధ్యాయుడు